దిగులు పాపం కాదు: మందు, మాట, ప్రార్థన కలిసి చేసే వైద్యం



షుగరు, బి.పి., మోకాళ్ళ నొప్పులు – వీటి గురించి మనం అరుగు మీద కూర్చుని కూడా మాట్లాడుకుంటాం. ఎవరికి షుగరు ఎంతుందో వీధిలో అందరికీ తెలుసు. కాని ఎవరూ నోరు విప్పని జబ్బు ఒకటుంది. అది ఉన్నవాళ్ళు దాన్ని జబ్బు అనుకోరు. ఇంట్లోవాళ్ళు బద్ధకం అనుకుంటారు. ఇరుగుపొరుగు గాలి సోకిందంటారు. సంఘంలో కొందరు విశ్వాసం తగ్గిందంటారు. అదే దిగులు జబ్బు, అంటే డిప్రెషన్. దాని తోడబుట్టినది ఆందోళన జబ్బు. ఈ రెండింటి గురించి ఈసారి మాట్లాడుకుందాం. గౌతమీ గోదావరి ఒడ్డున, కోటిపల్లి రేవు చుట్టుపక్కల ఉన్న కె.గంగవరం మండలం ఊళ్ళను మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాం. అయితే ఇందులోని మాటలు ఏ ఊరివారికైనా, ఏ మతంవారికైనా పనికి వస్తాయి.

ఒంటి నొప్పిగా వచ్చే మనసు నొప్పి

ఆస్పత్రికి వచ్చి "నాకు దిగులుగా ఉంది డాక్టరుగారూ" అని చెప్పేవారు అరుదు. "నరాల బలహీనతండి", "ఒళ్ళంతా మంటలండి", "అరికాళ్ళు తిమ్మిర్లండి", "గుండె దడండి", "తల బరువుగా ఉంటోందండి, కన్ను మూతపడటం లేదండి" – మేము వినేవి ఇలాంటి మాటలు. చాలామంది అప్పటికే ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గర బలానికని సెలైన్లు పెట్టించుకుని ఉంటారు. ఇ.సి.జి., స్కానింగు కూడా అయిపోయి ఉంటాయి. రిపోర్టులన్నీ బాగానే ఉంటాయి. "రిపోర్టులు బాగున్నాయి కదా, నీకేం లేదు" అని ఇంట్లోవాళ్ళు అంటారు. ఆ మాట రోగికి ఊరటనివ్వదు. తన బాధను ఎవరూ నమ్మడం లేదని ఇంకా కుంగిపోతారు.

ఆ నొప్పి నటన కాదు. నిద్ర, ఆకలి, నొప్పి, ఉత్సాహం – వీటన్నిటినీ నడిపేది మెదడే. దిగులు జబ్బులో మెదడు చేసే ఈ పనులే గాడి తప్పుతాయి. అందుకే మనసుతో పాటు ఒళ్ళు కూడా బాధపడుతుంది.

బాధ వేరు, జబ్బు వేరు అని కూడా తెలుసుకోవాలి. ఇంట్లో చావు జరిగితే ఏడుస్తాం, పంట పోతే దిగులు పడతాం. అది జబ్బు కాదు. ఈ కింది లక్షణాల్లో కొన్ని దాదాపు రోజంతా, దాదాపు ప్రతిరోజూ, రెండు వారాలకు మించి ఉండి, ఇంటిపని, కూలిపని, చదువు సాగనివ్వకపోతే అది జబ్బని అనుమానించాలి.

– మనసు ఎప్పుడూ బరువుగా ఉండటం, ఊరికే ఏడుపు రావడం.
– ఇదివరకు ఇష్టమైన పనుల మీద ఆసక్తి పోవడం. పాడేవారు పాట మానేయడం, పిల్లలతో ఆడేవారు ముభావంగా ఉండిపోవడం.
– నిద్ర పట్టకపోవడం, తెల్లవారుజామునే మెలకువ వచ్చేయడం, లేదా పొద్దస్తమానం పడుకోవాలనిపించడం.
– ఆకలి చచ్చిపోవడం, లేదా అతిగా తినడం.
– కొంచెం పనికే అలసిపోవడం, దేని మీదా మనసు నిలవకపోవడం.
– "నేను ఎందుకూ పనికిరాను, అందరికీ భారమయ్యాను" అనే ఆలోచన.
– చచ్చిపోతే బాగుండునన్న తలంపు.

ఆందోళన జబ్బు తీరు కొంచెం వేరు. ఏదో చెడు జరగబోతోందన్న భయం ఎప్పుడూ వెంటాడుతుంది. బస్సు ఆలస్యమైతే పిల్లవాడికి ప్రమాదం జరిగిందేమోనని గాభరా. కొందరికి ఉన్నట్టుండి గుండె దడ, ఊపిరాడకపోవడం, చెమటలు, కాళ్ళూ చేతులూ వణుకు వచ్చి, ఇప్పుడే ప్రాణం పోతుందేమో అనిపిస్తుంది. దీన్ని పానిక్ అటాక్ అంటారు. సాధారణంగా పది నిమిషాల్లో తారస్థాయికి చేరి మెల్లగా తగ్గిపోతుంది. మొదటిసారి వచ్చినప్పుడు మాత్రం గుండెజబ్బు కాదని డాక్టరు చూసి చెప్పవలసిందే.

బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015–16లో 12 రాష్ట్రాలలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. పెద్దవాళ్ళలో ప్రతి 20 మందిలో సుమారు ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ వచ్చిందని తేలింది. అలాంటివారిలో ప్రతి పదిమందికి ఎనిమిది మందికి పైగా వైద్యం అందలేదని కూడా తేలింది. ఆదివారం ఆరాధనకు వంద మంది పెద్దవాళ్ళు వచ్చే సంఘాన్ని ఊహించుకోండి. అందులో ఐదుగురు ఈ దారిన నడిచినవారో, నడుస్తున్నవారో ఉంటారన్నమాట. వారెవరో మనకు తెలుసా?

మన నేల మీద దిగులుకు కారణాలు

ఈ జబ్బుకు ఒక్కటే కారణం ఉండదు. కొందరికి వంశపారంపర్యంగా వస్తుంది. థైరాయిడ్ లోపం, రక్తహీనత, బి12 విటమిన్ లోపం కూడా దిగులులాగే కనిపించవచ్చు. అందుకే డాక్టరు ముందు రక్తపరీక్షలు రాస్తారు. కాన్పు తరవాత కొందరు తల్లులకు వస్తుంది. షుగరు, గుండెజబ్బు, పక్షవాతం ఉన్నవారికి ఎక్కువగా వస్తుంది. మద్యం దిగులును పోగొట్టదు, పెంచుతుంది.

వీటికి తోడు మన ప్రాంతానికి తనవైన బరువులున్నాయి. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపానులో వెయ్యిమందికి పైగా చనిపోయారు. కోనసీమలో కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. పడిపోయిన చెట్టు స్థానంలో నాటిన మొక్క కాపుకు రావడానికి ఏళ్ళు పట్టింది. మనిషి మనసు కూడా అంతే, నీళ్ళు తీసినంత త్వరగా తేరుకోదు. 2022 జూలై వరదలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంక గ్రామాలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. సాగు గిట్టుబాటు కాక 2011లో కోనసీమ రైతులు పంట విరామమే ప్రకటించారు. కౌలు కట్టి, అప్పు తెచ్చి, పంట నీటి పాలైన ఇంట్లో నిద్ర ఎలా పడుతుంది?

ఇంకొక బరువు బయటికి కనబడదు. ఇంటి అప్పు తీర్చడానికి గల్ఫ్ వెళ్ళిన ఆడపడుచులు మన ఊళ్ళలో ఎంతోమంది. కువైట్‌లోనో మస్కట్‌లోనో పరాయి పిల్లలను ఎత్తుకుంటూ, తన పిల్లలను ఫోనులో చూసుకునే తల్లికి దిగులు. అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలకు బెంగ. ఆమె తిరిగి వచ్చాక కూడా, సొంత ఇల్లే కొత్తగా, సొంత పిల్లలే పరాయిగా అనిపించడం ఉంది. డబ్బు పంపినంత కాలం ఆమె గురించి అడిగినవారు, వచ్చాక ఆమె ఎందుకు మాట్లాడటం లేదని అడగరు.

రామచంద్రపురం నేర్పిన పాఠం

"ఇది దేవుని శిక్ష" అన్న మాట మన ప్రాంతానికి కొత్త కాదు. ఒకప్పుడు కుష్ఠురోగం గురించి ఇదే అన్నారు. రోగిని ఊరి బయటికి పంపేవారు, ముట్టుకునేవారు కాదు, ఆ ఇంటి పిల్లకు పెళ్ళి సంబంధం వచ్చేది కాదు. ఆ రోజుల్లో కె.గంగవరానికి పొరుగునే ఉన్న రామచంద్రపురంలో కెనడా బాప్తిస్టు మిషనువారు కుష్ఠురోగులకు ఆశ్రమం నడిపారు. అప్పటికి ఆ జబ్బును నయంచేసే మందు లేదు. వారు చేయగలిగింది పుండు కడగడం, కట్టు కట్టడం, కూడు పెట్టడం, పేరు పెట్టి పిలవడం. మందు తరవాత వచ్చింది. 1980లలో పలు మందులు కలిపి ఇచ్చే వైద్యం వచ్చాక, అంతకుముందు శాపమన్న జబ్బు నెలల లెక్కన మాత్రలతో నయమయింది.

ఈ చరిత్రలో మనకు రెండు సంగతులున్నాయి. మందు లేని రోజుల్లో కూడా ఆదరణ వృథా కాలేదు. మందు వచ్చాక, ఆదరించేవారున్న చోటే రోగులు దాక్కోకుండా ముందుకు వచ్చారు. డిప్రెషన్‌కు ఈరోజు మందు ఉంది. కావలసినది ఆ మందు దాకా చెయ్యిపట్టుకుని తీసుకువెళ్ళే మనుషులు.

బైబిలులో దిగులుపడినవారు

నిజమైన విశ్వాసికి దిగులు రాదని కొందరు బోధిస్తారు. బైబిలు మాత్రం అలా చెప్పడం లేదు. మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం తీసి చదవండి. కర్మెలు కొండ మీద అంత గొప్ప విజయం చూసిన ఏలీయా, కొద్ది రోజులకే ప్రాణభయంతో అరణ్యంలోకి పారిపోయి, ఒక చెట్టు కింద కూలబడి, ఇక చాలు, చచ్చిపోతానన్నాడు. అప్పుడు దేవుడు చేసిన వైద్యం ఏమిటో వరుసగా చూడండి.

ముందు అతణ్ణి నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపి వేడి రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. మళ్ళీ పడుకోనిచ్చాడు. మళ్ళీ తినిపించాడు. తరవాత నడిపించాడు. ఆ తరవాతే మాట మొదలయింది. అది కూడా ఇక్కడేం చేస్తున్నావన్న ప్రశ్న. ఏలీయా తన బాధ చెప్పుకున్నాడు. మళ్ళీ అదే ప్రశ్న, అదే జవాబు, మళ్ళీ వినడం. చివరికి చేయడానికి ఒక పని, తోడుగా ఎలీషా, నువ్వు ఒంటరివాడివి కావన్న కబురు. నీకు విశ్వాసం లేదన్న గద్దింపు ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు. నిద్ర, తిండి, నడక, వినడం, చిన్న పని, తోడు – డిప్రెషన్ ఉన్నవారికి నేడు డాక్టర్లు, కౌన్సిలర్లు చెప్పేవాటిలో ఇవన్నీ ఉన్నాయి.

యోబు స్నేహితుల సంగతి చూడండి. ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు మాట్లాడకుండా అతని పక్కన నేల మీద కూర్చున్నారు. అంతవరకూ వారు మంచి స్నేహితులే. నోరు తెరిచి, నువ్వు ఏదో పాపం చేసివుంటావని మొదలుపెట్టిన దగ్గరనుంచే చెడగొట్టారు. ఆ గ్రంథం చివర దేవుని కోపం యోబు మీద కాదు, ఆ బోధ చేసినవారి మీద.

సంఘచరిత్రలో కొన్ని ఇళ్ళు

1794లో బెంగాలులో ఉన్న విలియం కేరీ ఇంట్లో ఐదేళ్ళ కొడుకు పీటరు జబ్బుతో చనిపోయాడు. తల్లి డొరతీ మనసు చెదిరిపోయింది. 1807లో ఆమె చనిపోయేవరకు ఆ జబ్బు తగ్గలేదు. తరవాత 1814లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన ఆ కేరీయే పక్క గదిలో అనువాదాలు చేస్తుంటే, ఈ గదిలో ఆమె బాధ సాగింది. ఆనాడు ఆమెకు ఇవ్వడానికి మందు లేదు, ఆ జబ్బు తెలిసిన డాక్టరూ లేడు. గొప్ప మిషనరీ ఇంటికైనా ఈ జబ్బు రావచ్చునని చెప్పడానికి ఈ సంగతి చాలు.

ఇంగ్లండులో విలియం కూపర్ అనే కవి ఉండేవాడు. ఈనాటికీ సంఘాలు పాడుకునే కీర్తనలు రాసినవాడు. యౌవనం నుంచి తీవ్రమైన డిప్రెషన్ అతణ్ణి విడవలేదు. అతని కాపరి, "అమేజింగ్ గ్రేస్" పాట రాసిన జాన్ న్యూటన్. న్యూటన్ అతణ్ణి వెంటబెట్టుకుని నడకకు తీసుకువెళ్ళేవాడు. కీర్తనలు రాసే పనిలో తనతో పాటు కూర్చోబెట్టుకున్నాడు. 1773లో జబ్బు ముదిరినప్పుడు కూపర్ వచ్చి న్యూటన్ ఇంట్లోనే ఏడాదికి పైగా ఉన్నాడు. కూపర్‌కు పూర్తిగా నయం కాలేదు. అయినా న్యూటన్ అతణ్ణి వదలలేదు. స్వస్థత సాక్ష్యం చెప్పగలిగినవారినే కాదు, చెప్పలేనివారిని కూడా మోయడం కాపరి పని.

మన దేశంలో పనిచేసిన మిషనరీ ఇ. స్టాన్లీ జోన్స్ వచ్చిన కొన్నేళ్ళకే నరాల మీద ఒత్తిడితో కుప్పకూలిపోయాడు. విశ్రాంతి కోసం స్వదేశం వెళ్ళవలసి వచ్చింది. ప్రార్థనలో తనకు కొత్త బలం దొరికిందని ఆయన తరవాత సాక్ష్యమిచ్చాడు. అదే మనిషి 1950లో లక్నోలో నూర్ మంజిల్ అనే మానసిక వైద్యశాలను స్థాపించాడు. ప్రార్థనతో బలం పొందినవాడే ఇతరులకోసం డాక్టర్లను, నర్సులను కూర్చాడంటే, ప్రార్థనకూ వైద్యానికీ పోటీ లేదనే కదా అర్థం. వెల్లూరు సి.ఎం.సి.లో 1957లో మొదలైన మానసిక వైద్య కేంద్రంలో రోగితో పాటు కుటుంబసభ్యులు కూడా ఉండి, జబ్బు గురించి నేర్చుకుని ఇంటికి వెళ్ళే పద్ధతి పెట్టారు.

ప్రార్థన చేయండి, మాత్ర ఆపకండి

ఇది ఈ వ్యాసంలో మేము గట్టిగా చెప్పదలచిన మాట. డిప్రెషన్‌కు మందులు వాడుతున్న మనిషి స్వస్థత కూడికకు వెళ్తారు. ప్రార్థన చేయించుకుంటారు, మనసు తేలికపడుతుంది. "ఇక మందులు వద్దు, వాడితే అవిశ్వాసమే" అని ఎవరో అంటారు. మాత్రలు గోదాట్లో పారేస్తారు. మొదటి వారం బాగానే ఉంటుంది. తరవాత జబ్బు తిరగబెడుతుంది. ఈసారి దానికి తోడు, "దేవుడు కూడా నన్ను విడిచిపెట్టేశాడు" అన్న తలంపు చేరుతుంది. జబ్బుకంటే ఆ తలంపే ప్రాణం మీదికి తెస్తుంది.

హిజ్కియా రాజు కథ గుర్తుచేసుకోండి. ఇంకా 15 ఏళ్ళు బతుకుతావని దేవుడు వాగ్దానం చేశాక కూడా, ప్రవక్త యెషయా అతని పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయించాడు. వాగ్దానం, వైద్యం రెండూ ఒకే దేవుని దగ్గరనుంచి వచ్చాయి. సువార్త రాసిన లూకా వైద్యుడే.

వైద్యాన్ని పక్కన పెడితే ఏమవుతుందో దేశమంతా చూసింది. తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా దగ్గర స్వస్థత కోసం మానసిక రోగులను తెచ్చి ఉంచే షెడ్లు ఉండేవి. 2001 ఆగస్టు 6న అలాంటి ఒక షెడ్డుకు నిప్పంటుకుని 28 మంది చనిపోయారు. గొలుసులతో కట్టేసి ఉండటంతో వారు పారిపోలేకపోయారు. దీన్ని ఒక మతం మీద నెట్టడానికి చెప్పడం లేదు. ఏ మతం గుడారంలోనైనా, వైద్యం లేకుండా, గొలుసు వేసి, దెబ్బలు కొట్టి చేసేది స్వస్థత కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మానసిక రోగిని ఏ రూపంలోనైనా గొలుసులతో బంధించడం నిషిద్ధం.

మందుల గురించి కొన్ని సంగతులు తెలుసుకోండి. డిప్రెషన్ మాత్రలు పారాసిటమాల్‌లా వేసిన గంటకు పనిచేయవు. గుణం కనబడటానికి రెండు నుంచి నాలుగు వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. మొదటి రోజుల్లో కొద్దిగా వికారం, తలనొప్పి ఉండవచ్చు. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. "ఈ మందులు అలవాటైపోతాయట" అని భయపడుతుంటారు. డిప్రెషన్‌కు ఇచ్చే మాత్రలు మద్యంలా వ్యసనం కావు. అలవాటయ్యేవి కొన్ని రకాల నిద్రమాత్రలు. వాటిని డాక్టరు చీటీ లేకుండా మందుల షాపులో కొనుక్కుని వాడకండి. జబ్బు తేలికగా ఉన్న చాలామందికి మందులు లేకుండా కౌన్సిలింగుతోనే నయమవుతుంది.

మాట కూడా వైద్యమే

"మాకు ఊళ్ళో మానసిక డాక్టరు ఎక్కడున్నాడండీ?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దీనికి లోకంలో కొన్నిచోట్ల మంచి జవాబులు దొరికాయి.

ఆఫ్రికాలో జింబాబ్వే దేశం ఉంది. అక్కడ దిగులు జబ్బును వారి భాషలో "ఆలోచనలు ఎక్కువవడం" అనే అర్థం వచ్చే మాటతో చెబుతారు. మన ఊళ్ళో కూడా అంతే కదా, "ఊరికే ఆలోచించకు" అనే అంటాం. దేశంలో మానసిక వైద్యులు బహు కొద్దిమంది. డిక్సన్ చిబాండా అనే డాక్టరు 2006లో హరారే నగరంలో 14 మంది అవ్వలకు శిక్షణ ఇచ్చాడు. ఆస్పత్రి ఆవరణలో చెట్టు కింద ఒక బల్ల వేశారు. బాధలో ఉన్నవారు ఆ బల్ల మీద అవ్వ పక్కన కూర్చుని చెప్పుకుంటారు. అవ్వ వింటుంది, సమస్యలను విడదీస్తుంది, ముందు ఏది చేద్దామని అడుగుతుంది. ఈ పద్ధతిని పరీక్షించిన ఫలితాలు 2016లో వెలువడ్డాయి. ఆరు నెలల తరవాత చూస్తే, అవ్వల దగ్గరికి వెళ్ళినవారిలో నూటికి సుమారు 14 మందికి మాత్రమే డిప్రెషన్ లక్షణాలు మిగిలాయి. మామూలు సేవలు అందినవారిలో నూటికి 50 మందికి మిగిలాయి.

మన దేశంలో గోవాలో, డిగ్రీలు లేని మామూలు మనుషులకే శిక్షణ ఇచ్చి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కౌన్సిలింగు చేయించారు. రోగి మానేసిన మంచి పనులను ఒక్కొక్కటిగా మళ్ళీ మొదలుపెట్టించడమే ఆ పద్ధతి. మూడు నెలల్లో కోలుకున్నవారు నూటికి 64 మంది. అది అందనివారిలో 39 మంది.

గోదావరికి అవతలి ఒడ్డునే, పశ్చిమ గోదావరి జిల్లాలోని 30 గిరిజన గ్రామాల్లో, జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ఆశా కార్యకర్తలతో ఇలాంటి పని చేశారు. ఆశాలు ఇంటింటికీ వెళ్ళి ట్యాబ్‌లోని ప్రశ్నలు అడిగి, జబ్బు అనుమానం ఉన్నవారిని పి.హెచ్.సి. డాక్టరు దగ్గరికి పంపారు. సిగ్గు, భయం పోగొట్టడానికి ఊళ్ళో ప్రచారం చేశారు. 2017లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, వైద్యం కోసం వెళ్ళినవారు 0.8 శాతం నుంచి 12.6 శాతానికి పెరిగారు. ఇంకా వెళ్ళనివారే ఎక్కువ, నిజమే. కాని దారి మాత్రం పడింది.

మన సంఘాలకు ఇది కొత్త విద్య కూడా కాదు. మిషను రోజుల్లో బైబిలు స్త్రీలు ఇల్లిల్లూ తిరిగి, గడప దగ్గర కూర్చుని, వాక్యం చెప్పడానికి ముందు ఇంటి కష్టసుఖాలు వినేవారు. ఆ అలవాటును మళ్ళీ లేపితే చాలు.

సంఘం, కుటుంబం ఏం చేయవచ్చు?

1. దర్శించండి. ఆరాధనకు రాని మనిషిని "ఎందుకు రాలేదు?" అని నిలదీయకుండా, "నిన్ను చూడాలనిపించి వచ్చానమ్మా" అని వెళ్ళండి. ఒక గిన్నెలో పప్పో పులుసో పట్టుకెళ్ళండి. దిగులున్న ఇంట్లో మొదట ఆగిపోయేది పొయ్యే.

2. వినండి. మధ్యలో సాక్ష్యాలు చెప్పకండి. "మా పెద్దమ్మకు కూడా ఇలాగే..." అని మొదలుపెట్టకండి. పావుగంట విని, రెండు నిమిషాలు ప్రార్థించండి. ప్రార్థన మెల్లగా చేయండి. కేకలు భయంలో ఉన్న మనసుకు ఇంకో భయం.

3. ఈ మాటలు అనకండి: "నీకేం తక్కువ?", "ధైర్యంగా ఉండాలి గాని", "రహస్య పాపం ఏదో ఉంది", "నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్ళు లేరా?" వాటికి బదులు ఇలా అనండి: "ఇది నీ తప్పు కాదు", "ఇది జబ్బు, తగ్గుతుంది", "నేను నీతో ఆస్పత్రికి వస్తాను వదినా".

4. చిన్న పనులతో మొదలుపెట్టించండి. పొద్దున్నే స్నానం, పెరట్లో మొక్కలకు నీళ్ళు, కాలవగట్టు మీద పావుగంట నడక. పూర్తిగా బాగయ్యాక పని మొదలుపెడదామని ఆగకండి. పని మొదలుపెడితేనే మనసు మెల్లగా వెంట వస్తుంది.

5. ఉపవాస ప్రార్థనల విషయంలో జాగ్రత్త. సరిగా తినక చిక్కిపోయిన మనిషిచేత, మందులు వాడేవారిచేత, బాలింతచేత ఉపవాసం చేయించకండి. వారికోసం మీరు ఉపవాసముండండి, వారికి అన్నం పెట్టండి.

6. గుట్టు కాపాడండి. ఒకరు మీతో చెప్పుకున్న బాధను వారి అనుమతి లేకుండా మంగళవారం కూడికలో ప్రార్థన మనవిగా చదవకండి. ఒకసారి బయటపడితే ఇంకెవ్వరూ నోరు విప్పరు.

7. మగవారిని మరవకండి. మగవాడి దిగులు చాలాసార్లు కోపంగా, తాగుడుగా, మౌనంగా బయటపడుతుంది. "మగవాడివి, ఏడుస్తావేమిటి?" అనే మాట మానేద్దాం.

8. కాపరులను, వారి భార్యలను ఎవరు ఆదరిస్తున్నారు? అందరి భారాలూ వినే అయ్యగారికి, అమ్మగారికి కూడా దిగులు వస్తుంది. వారిని కూడా "ఎలా ఉన్నారండీ?" అని అడిగి, జవాబు చెప్పేదాకా ఆగండి.

ఆలస్యం చేయకూడని సమయం

"నేను లేకపోతే మీకు బాగుంటుంది" అనడం, అప్పగింతలు పెట్టినట్టు మాట్లాడటం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేయడం, చాలా రోజుల దిగులు తరవాత ఉన్నట్టుండి నిశ్చింతగా మారిపోవడం – ఇవి ప్రమాద సూచనలు. అలాంటప్పుడు "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా, ప్రేమగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది అపోహ. ఎవరో ఒకరు అడిగినందుకే ఊపిరి పీల్చుకునేవారు ఎక్కువ.

ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. ఇంట్లో ఉన్న పురుగుమందులు, ఎక్కువగా ఉన్న మాత్రలు తాళంలో పెట్టండి, లేదా ఇంటినుంచి తీసేయండి. గండం గడిచే ఆ కొద్ది గంటలు అడ్డుకుంటే ఒక జీవితం నిలుస్తుంది. అదేరోజు ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. అత్యవసరమైతే 108కి ఫోను చేయండి.

"పోలీసు కేసవుతుందేమో" అన్న భయంతో ఆలస్యం చేయకండి. 2017 చట్టం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగా భావించి, శిక్ష కాక సంరక్షణ ఇవ్వాలని చెప్పింది.

2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలిమానస్ అనే సేవను ప్రారంభించింది. 14416 నంబరుకు పగలైనా రాత్రైనా, ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే కౌన్సిలరుతో మాట్లాడవచ్చు. రోగే కాదు, ఏం చేయాలో తోచని ఇంటివారు కూడా చేయవచ్చు. మొదట మీ దగ్గరి పి.హెచ్.సి. డాక్టరుకు చూపించండి. మానసిక వైద్యులకోసం కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రికి గాని, అమలాపురం కిమ్స్‌కు గాని, తీవ్రమైన జబ్బయితే విశాఖపట్నం చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు గాని వెళ్ళవచ్చు. వెళ్ళేటప్పుడు పాత చీటీలు, వాడే మందులు వెంట తీసుకువెళ్ళండి. రోగితో పాటు ఇంట్లో మాట వినే మనిషి ఒకరు వెళ్ళండి.

చివరిగా, ఇది చదువుతూ "ఇది నా గురించే" అనుకుంటున్న పాఠకులకు ఒక మాట. మీరు చెడ్డవారు కారు. మీ ప్రార్థన చాలలేదని కాదు. ప్రార్థించడానికి మాటలు రాని రోజుల్లో కూడా దేవుడు మిమ్మల్ని వదిలి వెళ్ళలేదు. ఈరోజు ఒక్క పని చేయండి. మీ ఇంట్లోనో, వీధిలోనో, సంఘంలోనో మీరు నమ్మే ఒక్క మనిషితో "నాకు మనసు బాగోలేదు" అని చెప్పండి. చెప్పడానికి ఎవరూ లేరనిపిస్తే 14416కు ఫోను చేయండి.

ఇరుగుపొరుగున ఉన్నవారికి మా మనవి. ఈ వారం మీ వరుసలో ఖాళీగా కనిపించిన చోటు ఎవరిదో గుర్తుచేసుకోండి. సాయంత్రం వంటయ్యాక ఒక గిన్నె మూతపెట్టి తీసుకుని, ఆ ఇంటికి వెళ్ళండి. ప్రభువు మిమ్మల్ని దీవించును గాక.